ఒంటెద్దు శాఖలు

మన దగ్గర ‘ఉమ్మడి’ అనే మాటను పోయినవాటికే వాడుతున్నాం. ఉమ్మడి రాష్ట్రం, ఉమ్మడి కుటుంబం. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి వేరు కాపురం పెట్టినప్పటి నుంచి అనంతపురం పేరు ముందు కూడా ఆ మాట వచ్చి కూర్చుంది. ఇంకా ప్రాణంతో ఉన్న ఉమ్మడి ఏదన్నా మిగిలిందా అని వెదికితే నాకు దొరికింది పీజీ ప్రవేశ పరీక్ష. 2021 నుంచి రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలకు ఒకే పీజీసెట్. గేటు అందరిదీ. గేటు దాటాక ఎవరి కొట్టం వాళ్లదే.

ఈ వారం నా ఒళ్లు మండింది అక్కడే. మా వీధి చివరి ఇంటి అమ్మాయి ఎమ్మే ఎకనామిక్సులో చేరింది. వాళ్ల నాయనది కళ్యాణదుర్గం వైపు మెట్ట సేద్యం. ఇంజనీరింగ్ అని చుట్టాలంతా ఊదరగొట్టినా వినకుండా, మా నాయన ఎందుకు నష్టపోతున్నాడో లెక్క తేల్చుకోవాలి పెదనాయనా అని పట్టుబట్టి ఎకనామిక్సు పట్టిన పిల్ల. వ్యవసాయ అర్థశాస్త్రం, ఎకనోమెట్రిక్స్ చదవాలని ఆశ. ఎక్కడ చేరిందో రాయను గానీ, అక్కడ చెప్పిన జవాబు ఇది: ‘‘ఆ పేపరు సిలబస్‌లో ఉందమ్మా, చెప్పే సారే లేడు. ఆయన రిటైరయ్యాక ఇంకెవరినీ వేయలేదు. వేరేది పెట్టుకో.’’ ఇడ్లీ అయిపోయింది, ఉప్మా పెట్టమంటారా అన్నంత తేలిగ్గా.

సరిగ్గా ఈ జబ్బుకే ఆఫ్రికా వాళ్లు ముప్పై ఏళ్ల కిందటే మందు వేసుకున్నారు. ఎనభైలలో ఆ ఖండమంతా అప్పులు, ప్రపంచ బ్యాంకు షరతులు. విశ్వవిద్యాలయాలు చిక్కి శల్యమయ్యాయి. చదువుకుని వస్తామని లండనుకో అమెరికాకో పోయినవాళ్లలో చాలామంది అక్కడే ఉండిపోయారు. ఏ ఒక్క దేశానికీ అన్ని పేపర్లు చెప్పగల మాస్టార్లను పోషించే తాహతు లేదు. 1988లో నైరోబీ కేంద్రంగా ఆఫ్రికా ఆర్థిక పరిశోధన కన్సార్టియం పుట్టింది. 1993లో అది ఉమ్మడి ఎమ్మే మొదలుపెట్టింది. మైక్రో, మాక్రో, గణాంక పద్ధతులు ఎవరి విశ్వవిద్యాలయంలో వాళ్లు చదువుకుంటారు. ఆ తర్వాత అడిస్ అబాబా పిల్లలు, దార్ ఎస్ సలాం పిల్లలు, ఇంకా అనేక దేశాలవాళ్లు నైరోబీ చేరి కొన్ని నెలలపాటు ఒకే కప్పు కింద కూర్చుంటారు. ఎలక్టివ్ పేపర్లన్నీ అక్కడే. వాటిని చెప్పడానికి ఎక్కడెక్కడి నుంచో మాస్టార్లు వస్తారు. అవి ముగిశాక ఇంటికెళ్లి థీసిస్ రాసుకోవడం. పట్టా మాత్రం సొంత విశ్వవిద్యాలయానిదే, కాబట్టి ఎవరి జెండా కిందికి దిగదు. 2002లో పీహెచ్‌డీకీ ఇదే పద్ధతి పెట్టారు.

ఇందులో మా సీమ రైతుకు కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు. ఒంటెద్దు ఉన్నవాడు ఇంకో ఒంటెద్దువాడితో కాడి కలుపుతాడు. కలుపుతీతకు ముయ్యాళ్లు పోతారు, ఈ రోజు మీ చేను, రేపు మా చేను. తెలియనిదల్లా మన ఉన్నత విద్య పెద్దలకే.

పైగా మన విశ్వవిద్యాలయాలు ఒకదానికొకటి పరాయివి కూడా కావు. 1954లో తిరుపతిలో శ్రీవెంకటేశ్వర వచ్చింది. 1968లో అనంతపురంలో తెరిచింది ఆ తిరుపతి వాళ్ల పీజీ కేంద్రమే, అదే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. కడప యోగి వేమన కూడా 2006కు ముందు తిరుపతి వాళ్ల పీజీ కేంద్రమే. కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం 2008 దాకా మన దేవరాయల వారి పీజీ కేంద్రం. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక మనవడు. భాగాలు పంచుకున్నారు సరే, బోర్డులూ వీసీ కార్లూ ఎవరివి వాళ్లకు వచ్చాయి. బావి ఉమ్మడిగా ఉంచుకోవాలని ఎవరికీ తోచలేదు. అడిస్ అబాబా నుంచి నైరోబీకి వెయ్యి కిలోమీటర్ల పైమాట, మధ్యలో ఒక దేశపు సరిహద్దు. అనంతపురం నుంచి కడపకు పల్లెవెలుగు ఎక్కినా సాయంత్రానికి చేరతాం.

ఆఫ్రికా వాళ్లకు విదేశీ దాతల డబ్బుంది కదా అని ఒక మిత్రుడు అడ్డం పడ్డాడు. ఉంది, కాదనను. ఈ నాలుగు విశ్వవిద్యాలయాల పిల్లలను అలా ఒకచోట కూర్చోబెట్టడానికి మనం అడుగుతున్నది బస్సు ఛార్జీ, మూడు నెలల హాస్టలు. అసలు సంగతి ఆఫ్రికా అంటే మనకున్న చులకన. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవడమేమిటన్న మాట నోటితో అనరు, మొహం మీద కనిపిస్తుంది. 2000 తర్వాత ఇథియోపియా వరసగా కొత్త విశ్వవిద్యాలయాలు తెరిచినప్పుడు, ఇక్కడ పార్ట్‌టైం జీతంతో పెళ్లి సంబంధం కూడా కుదరని తెలుగు లెక్చరర్లు ఎంతమంది అక్కడికి పోయి పాఠాలు చెప్పి ఇళ్లు కట్టుకున్నారో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. అప్పుడు అడ్డురాని చులకన ఇప్పుడెందుకు?

ఆఫ్రికా అనగానే నాకు శనక్కాయ గుర్తొస్తుంది. (ఈ శీర్షిక చదివేవాళ్లకు నా శనక్కాయ పిచ్చి అలవాటే, ఓర్చుకోండి.) రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో నూనెలకు కరువొచ్చింది. దొరలు టాంగన్యికాలో, అంటే నేటి టాంజానియాలో, లక్షలాది ఎకరాల్లో శనక్కాయ వేయాలని 1947లో దిగారు. ట్రాక్టర్లు దింపారు, యుద్ధ ట్యాంకులను కూడా మార్చి అడవి మీదికి తోలారు. కోంగ్వా అనే చోట వాన సరిగా పడదని, ఎండితే ఆ బంకనేల రాయి అవుతుందని చెప్పగల మనుషులు అక్కడే ఉన్నారు. వాళ్లను అడిగిన నాథుడు లేడు. ఎండకు నేల బిగుసుకుపోయి కాయ పెరకడానికే రాలేదు. 1951లో చేతులెత్తేసే నాటికి మూడున్నర కోట్ల పౌండ్లకు పైగా మట్టిపాలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో, ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా శనక్కాయ వేసిన జిల్లా మాది. ఒక్క కళ్యాణదుర్గం రైతును ఓడ ఎక్కించి తీసుకుపోయి ఉంటే, పిడికెడు మన్ను నలిపి చూసి, ఇది మన పైరు నేల కాదు దొరా అని చెప్పి వచ్చేవాడు.

స్థానిక లెక్క అంటే నాకు అంత గురి. ఆ లెక్క మన దగ్గర లేదా అంటే, దండిగా ఉంది. ఉన్నదంతా ఊరు దాటిపోయింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975 నుంచి పాలమూరు జిల్లా ఔరేపల్లిలోనూ మహారాష్ట్ర పల్లెల్లోనూ ఇంటింటి జమాఖర్చు రాసుకుంది. ఆ అంకెలతోనే అర్థశాస్త్రవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఒక వ్యాసం రాసి, పంట పోయిన ఇంటిని ఊరు ఎంతవరకు ఆదుకుంటుందో తేల్చాడు. అభివృద్ధి అర్థశాస్త్రం చదివేవాళ్లకు ఆ వ్యాసం బాలశిక్ష లాంటిది. ఆయనే మరో ఇద్దరితో కలిసి మన అనంతపురానికీ వచ్చాడు, మనిషిగా కాకపోయినా సర్వే కాగితంగా. వాన బీమాను ఎవరు కొంటున్నారు, ఎవరు కొనడం లేదు అని 2004లో పాలమూరు, అనంతపురం పల్లెల్లో అడిగించారు. 2008లో అచ్చయిన ఫలితం చూసి నేను నవ్వుకున్నాను. నష్టమంటే జంకే రైతులే బీమా తక్కువ కొన్నారట. పండితులకు అది వింత. మాకు కాదు. తెలియని కంపెనీకి ముందే డబ్బు కట్టడం కంటే పెద్ద జూదం ఏముంది?

ఆ జూదం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. వాతావరణ బీమాలో వాన లెక్క మండలంలోని యంత్రం చెప్పాలి, మన చేను చెప్పకూడదు. యంత్రం మీద ఒక మోస్తరు జల్లు పడి, మూడు మైళ్ల అవతల మన చేలో ధూళి లేస్తుంటే, కాగితం మీద మనకు వాన పడినట్టే. శనక్కాయ ఊడలు దిగే వేళకు పదును లేదని రైతు మొత్తుకుంటాడు. అంకె బాగుందని కంపెనీ అంటుంది. ఏ గ్రామసభలోనూ ఈ అంకెను నిలదీసే మనిషి కనపడడు. అలా నిలదీయడం నేర్పే చదువు పేరే, ఇడ్లీలా అయిపోయిందని చెప్పిన ఆ పేపరు.

మొన్న ఆదివారం ఆ పిల్ల వాళ్ల నాయన నోటుపుస్తకం తెచ్చి చూపించింది. ఎనిమిదేళ్లుగా చేలో ఏ రోజు పదునైందో, ఏ రోజు ఉత్త మబ్బేనో పెన్సిలుతో రాసుకున్నాడు. దాని పక్కన మండలం అంకెలు పెట్టి తేడా కట్టాలని ఆమె ఆలోచన. ఎలా కట్టాలో చూపించే మాస్టారి కోసం ఫోన్లు చేస్తే చివరికి ఒకాయన దొరికారు. పక్క జిల్లాలో ఉద్యోగం. ఈ ఏడు అక్కడ ఆ పేపరు ఎవరూ తీసుకోలేదని, తను ఖాళీగా ఉన్నానని చెప్పారట.

— బాటసారి