మూడు సెలైన్లు అయ్యాకా స్కానింగ్?

ఆరేడేళ్ల ఆడ ల్యాబ్రడార్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. హీట్‌కు వచ్చి నెల దాటింది. తిండి ముట్టదు, నీళ్లు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగేస్తుంది, వాంతి చేసుకుంటుంది. రాజమండ్రిలో నా క్లినిక్‌కు ఇలాంటి కుక్క వచ్చేసరికి చాలాసార్లు దాని ముందుకాలికి సెలైన్ సూది ప్లాస్టరు వేసే ఉంటుంది. అజీర్తి అనుకుని మూడు రోజులు సెలైన్లు, యాంటీబయాటిక్‌లు ఇచ్చి, తగ్గకపోయేసరికి "ఓసారి స్కానింగ్ తీయించండి" అని పంపించి ఉంటారు.

పొట్ట మీద వెంట్రుకలు గీసి, జెల్ రాసి, ప్రోబ్ ఆనిస్తే జబ్బు తెర మీద కనబడిపోతుంది. మూత్రాశయం దగ్గర నల్లగా ఉబ్బిన గొట్టాలు ఉంటాయి. గర్భసంచి నిండా చీము. దీన్నే పయోమెట్రా అంటాం. గర్భసంచి మూతి తెరిచి ఉంటే చీము బయటికి కారుతుంది, ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది. మూసుకుపోతే చుక్క కూడా కనబడదు, విషం లోపలే ఒంటికెక్కుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. చాలావాటికి ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేయాల్సిందే. సెలైన్ ఆపరేషన్‌కు ముందు ఓపిక ఇస్తుంది, చీమును మాత్రం తీయలేదు.

అందుకే ఇలాంటి కేసుల్లో స్కానింగ్ మొదటి రోజే జరగాలంటాను. ఎక్స్‌రేలో గర్భసంచి పెద్దదైందని తెలిసినా, అందులో ఉన్నది చీమో పిల్లలో చెప్పడం కష్టం. పిల్లల ఎముకలు ఎక్స్‌రేకు అందేది సుమారు 45 రోజులు దాటాకే. స్కానింగ్‌లో 25 రోజులకే గుండె కొట్టుకోవడం చూడొచ్చు.

పిల్లులదీ అదే కథ. దారంతో ఆడుకుంటూ మింగేస్తాయి. ఒక కొస నాలుక కింద చిక్కుకుంటే, బొందు లాగిన లంగాలా పేగు కుచ్చులు పడిపోతుంది. దారం ఎక్స్‌రేలో కనబడదు. ఆ కుచ్చులు స్కానింగ్‌లో పట్టుకోవచ్చు. ఆలస్యమైతే దారం పేగును కోసేస్తుంది.

అలాగని వచ్చిన ప్రతి జంతువునూ స్కానింగ్ బల్ల ఎక్కించమనను. పెళ్లి భోజనం మిగుళ్లు తిని ఒకసారి వాంతి చేసుకున్న కుక్కకు అది దండగ. పిడుదు జ్వరానికి రక్తపరీక్ష కావాలి. ఎముక విరిగితే ఎక్స్‌రేనే. ప్లీహంలో గడ్డ కనబడితే అది క్యాన్సరా కాదా అన్నది స్కానింగ్ తేల్చదు, సూదితో తీసిన నమూనానో ఆపరేషన్‌లో తీసిన ముక్కనో ల్యాబ్‌కు పంపాలి. గ్యాస్ నిండిన పేగుల వెనక ఏముందో స్కానింగ్‌కు కనబడదు. ఇవన్నీ తెలిసిన మనిషి చేతిలో ఉంటేనే ప్రోబ్‌కు విలువ.

కొరత అక్కడే ఉంది. యంత్రం కొనడం ఒక్క టెండరుతో అయిపోతుంది, చూసి చెప్పగల డాక్టరు అలా తయారవ్వరు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలు ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకు కొన్ని వారాల శిక్షణ ఇవ్వాలి. జిల్లాకు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా శిక్షణ పొందిన డాక్టరు, పనిచేసే యంత్రం, తెలిసిన వేళలు ఉండాలి. శిక్షణ అయిన డాక్టరును మరుసటి బదిలీల్లో యంత్రం లేని ఊరికి పంపకూడదు.

ఇంకో చిక్కు, 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం. రిజిస్ట్రేషన్ లేనివారికి స్కానింగ్ యంత్రం అమ్మకూడదని అది చెబుతోంది. సబబే, కుక్క పొట్టను చూసే యంత్రం మనిషి పొట్టనూ చూడగలదు. ఆ కట్టడి సడలించమని అడగను. పశువైద్యుడు ఏ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలో, ఎన్నాళ్లలో తేలుస్తారో రాసిపెట్టమంటాను.

"కుక్కకు స్కానింగేంటి, డబ్బు ఎక్కువైందా?" అని చుట్టాలు నవ్వుతారు. మూడు రోజుల సెలైన్లు, ఇంజెక్షన్లు, ఆటో కిరాయిలు లెక్కేసుకుంటే ఎవరు దుబారా చేశారో తెలుస్తుంది. మీ ఇంట్లో ఆడ కుక్క ఉంటే హీట్‌కు వచ్చిన తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి, ఒంట్లో బాగాలేనప్పుడు డాక్టరుకు ముందు అదే చెప్పండి. పిల్లలు వద్దనుకుంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేయించేయండి. అప్పుడు పయోమెట్రా కోసం నా స్కానింగ్ గదికి రావలసిన పనే ఉండదు. నాకు ఆ నష్టం ఇష్టమే.