రాయపురంలో బెంగుళూరు బండి



వచ్చే సెలవులకు రెండు రోజులు బెంగుళూరు పోయి రావలెనని మా యింట తలపెట్టినాము. లాల్‌బాగు ఒక పూట, విశ్వేశ్వరయ్య మ్యూజియం ఒక పూట అని పిల్లలు చీటీ కూడా వ్రాసుకున్నారు. చిక్కంతా బయలుదేరుటలోనే వచ్చింది.

దక్షిణ దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో కదిలినది మా రాయపురం నుండే. 1864లో బెంగుళూరు దాకా దారి పడింది. సెంట్రల్ స్టేషను వచ్చినది 1873లో. అంతవరకు మా పేటవారు ఇంటినుండి నడచి వచ్చి బండి ఎక్కగలిగినవారే! నేడు ఆ స్తంభాల స్టేషను ఎదుటనే ఉన్నది; బృందావన్ ఎక్స్‌ప్రెస్ అందుకొనుటకు మాత్రం ముసలి తల్లితో, పెట్టెలతో తెల్లవారకమునుపే సెంట్రలుకు పరుగు. లోకల్ బండిలో పోదామంటే బీచ్‌లో మారి, పార్కులో దిగి, మళ్లీ రోడ్డు దాటవలెను. ఆటోవారు అడిగేది రెండవ తరగతి బెంగుళూరు టిక్కెట్టుకు తీసిపోదు.

2005లో పాత భవనానికి మరమ్మతు జరిగింది, సంతోషమే. చూచి మురియుటకేనా అది? శనివారము ఒక్కనాడైనా ఒక బెంగుళూరు బండిని ఇక్కడినుండి నడపవలెనని రైల్వే అధికారులకు మా మనవి.

— ఒక రాయపురం నివాసి