వృత్తి మనది, విలువ ఎవరిది?

సచార్ కమిటీ నివేదిక 2006లో వెలువడింది. ప్రభుత్వోద్యోగాలలో ముస్లింల వాటా ఎంత స్వల్పమో చెప్పడానికి నేటికీ మనం దానినే ఉదహరిస్తాం. అందులోని మరొక అంకెపై మాత్రం మన సభలలో చర్చ అరుదు. ముస్లిం శ్రామికులలో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధిపై ఆధారపడినవారే. హిందూ శ్రామికులలో ఆ నిష్పత్తి సుమారు 55 శాతం. అంటే వ్యాపారం మనకు కొత్త కాదు. వ్యాపారాన్ని చదువుగా అభ్యసించడమే కొత్త.

దీని ఫలితం కళ్లెదుటే ఉన్నది. తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టిన నూర్‌బాషా కుటుంబాల జీవనాధారాన్ని ఫోమ్ పరుపుల కంపెనీలు హరించాయి. మనవారు పనితనంలో ఓడిపోలేదు. పేరు, ప్రచారం, పంపిణీ, పెట్టుబడి అనే నాలుగింటిలో ఓడిపోయారు. మరోవైపు హైదరాబాద్ హలీం 2010లో భౌగోళిక గుర్తింపు పొందింది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో అదే గౌరవం దక్కింది. అయితే గుర్తింపు పత్రం గోడకు వేలాడితే చాలదు. దానిని ఆసరా చేసుకొని, నిప్పు ముందు కూర్చుని గాజు చేసే కార్మికుల కూలి పెంచగలవారు కావాలి.

ఆంత్రప్రెన్యూర్‌షిప్, ఇన్నోవేషన్ పేరిట బోధిస్తున్న పీజీ కోర్సుల అవసరం ఇక్కడే ఉన్నది. సాధారణ ఎంబీఏ ప్రధానంగా నడుస్తున్న సంస్థను నిర్వహించడం నేర్పుతుంది. ఈ చదువు కొత్త సంస్థను నెలకొల్పడం నేర్పుతుంది. కొనుగోలుదారుని అవసరాన్ని గుర్తించడం, తక్కువ ఖర్చుతో నమూనా తయారుచేసి పరీక్షించడం, పేటెంటు, ట్రేడ్‌మార్కు హక్కులను కాపాడుకోవడం, పెట్టుబడిదారుని ఒప్పించడం ఇందులోని పాఠాలు. అహ్మదాబాద్‌లో 1983లో స్థాపించిన ఆంత్రప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఇందుకోసమే రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతున్నది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ సోషల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్‌లో ఎంఏ ప్రవేశపెట్టింది.

నేను గుమాస్తాగా ఉన్న కాలంలో స్వయం ఉపాధి రుణాల దరఖాస్తులు ఎన్నో నా బల్ల మీదుగా సాగిపోయాయి. కుట్టు దుకాణానికీ, వెల్డింగ్ షెడ్డుకూ వీధి చివరి టైపిస్టు కొట్టి ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటే. పేరు, మొత్తం మాత్రమే మారేవి. బ్యాంకు తిప్పి పంపితే వివక్ష అనేవారు. వివక్ష లేదని నేను అనను. బ్యాంకు రుణాలలో మన వాటా జనాభా నిష్పత్తి కన్నా బాగా తక్కువని సచార్ నివేదికే తేల్చింది. అయితే పకడ్బందీ రిపోర్టు చేతిలో ఉన్నవాడు ఆ వివక్షను నిలదీయగలడు. నకలు రిపోర్టు పట్టుకున్నవాడు నిలదీయలేడు. చదువు హక్కుల పోరాటానికి ప్రత్యామ్నాయం కాదు, దాని ఆయుధం.

అందరూ ఈ కోర్సు చదవాలని నా వాదన కాదు. కన్సల్టెన్సీల మాట నమ్మి, ఇల్లు తాకట్టు పెట్టి, ఏడాది కోర్సు కోసం విదేశాలకు పరుగెత్తడం తగదు. కుటుంబ వృత్తిలోనో, మరొకచోటనో రెండేళ్లు పనిచేసి, ఫలానా సమస్యను పరిష్కరిస్తానని స్పష్టంగా చెప్పగలిగినవారికే ఈ చదువు ఫలిస్తుంది.

ప్రభుత్వాల బాధ్యత కూడా ఉన్నది. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యా రుణాలపై వడ్డీ భరించే పఢో పరదేశ్ పథకాన్ని కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. దానిని పునరుద్ధరించాలి. తెలంగాణలో మైనారిటీలకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే విదేశీ విద్యా సహాయం సకాలంలో అందాలి.

వడ్డీకి భయపడి వెనుకంజ వేసేవారికి ఒక మాట. ఒకరు పెట్టుబడి, మరొకరు శ్రమ పెట్టి లాభాన్ని పంచుకొనే ముదారబా పద్ధతి మనకు శతాబ్దాలుగా తెలిసినదే. నేటి వెంచర్ క్యాపిటల్ స్వభావంలో దానికి దగ్గరగా ఉంటుంది. ప్రతి పట్టణంలో పదిమంది వ్యాపారులు కలిసి, ఇలా చదివివచ్చిన ఒక యువకునికో, యువతికో తొలి పెట్టుబడి సమకూర్చలేరా? ఆడపిల్లల విషయంలో ఇది మరింత అవసరం. మహిళల సంస్థలకు చేయూతనివ్వడానికి 2018 నుంచి హైదరాబాద్‌లో వీ హబ్ ఉన్నది. దాని తలుపు తట్టే ధైర్యం మాత్రం ఇంటి నుంచే రావాలి.

“మంచి ఉద్యోగం ఎప్పుడు వస్తుంది?” అని పిల్లలను అడుగుతున్న తల్లిదండ్రులు “నలుగురికి ఉద్యోగం ఎప్పుడు ఇస్తావు?” అని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల చదువును వారికి అందించడం మనందరి బాధ్యత.