క్రిస్మస్ పాటకు చప్పట్లు, ఆర్గురి పాటకు తాళం!

డిసెంబర్ వచ్చిందంటే చాలు, ఇంగ్లండ్‌ల, ఐర్లండ్‌ల రేడియోలన్నీ ఒకటే పాట అందుకుంటయి. పండుగ రాత్రి తాగి న్యూయార్క్ లాకప్పుల పడ్డ ఒక ఐరిష్ వలసజీవి గోస, ఆడమనిషి మొగమనిషి ఒకరినొకరు దులిపేసుకునే తిట్లు. పేరు ‘ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్’. 1987 నవంబర్‌ల విడుదలైతే ఐర్లండ్‌ల మొదటి స్థానం, బ్రిటన్‌ల రెండో స్థానం కొట్టింది. ఆ పాట ఉన్న ఆల్బంల్నే ఇంకో పాట ఉన్నది. దాన్ని వెయ్యొద్దని 1988ల హుకుం జారీ అయ్యింది. మొదటి పాటను దునియా అంతా నెత్తికెత్తుకుంటది. రెండోదాని ముచ్చట ఎవ్వరూ ఎత్తరు. మా లొల్లంతా ఆ రెండో పాట గురించే.

పాడినోళ్లు ‘పోగ్స్’. 1982ల లండన్‌ కింగ్స్ క్రాస్ గల్లీల పుట్టిన జట్టు. మొదలు పెట్టుకున్న పేరు ‘పోగ్ మహోన్’. ఐరిష్‌ల దానర్థం ‘నా ముడ్డి ముద్దుపెట్టుకో’ అని! ఇంగ్లిషు దొరలకు సమజ్ గాలేదు. గేలిక్ ఎరుకున్నోళ్లు చెప్పేసరికి బీబీసీ ఉలిక్కిపడ్డది. పేరు సగానికి కత్తిరించుకోవలసి వచ్చింది. జట్టుకు గొంతు షేన్ మెక్‌గోవన్. ఐరిష్ తల్లిదండ్రులకు 1957 డిసెంబర్ 25న ఇంగ్లండ్‌ల పుట్టిండు, చిన్నతనం టిప్పరరీ పల్లెల గడిచింది. ఆ కాలం లండన్‌ల ఐరిషోడంటే మొద్దోడు, తాగుబోతు. జోకు కావాల్నంటే ‘పాడీ’ ఉండనే ఉన్నడు. సినిమాలల్ల మన యాసను రౌడీకి, జోకరుకు తగిలించిన కాలం చూసినోళ్లకు దీన్ని ఇప్పి చెప్పనక్కర్లేదు. ఇంకో మాట. జట్టుల సగానికి సగం ఇంగ్లిషు పోరగాళ్లే. కొట్లాట జనం మీద కాదు, పెత్తనం మీద అనేది వాళ్లకు తెలుసు. మనల్ని ‘విద్వేషం రెచ్చగొడుతున్నరు’ అని బద్నాం చేసిన పెద్దమనుషులకు ఈ సంగతి ఎన్నడూ ఎక్కలేదు.

ఆల్బం పేరు ‘ఇఫ్ ఐ షుడ్ ఫాల్ ఫ్రమ్ గ్రేస్ విత్ గాడ్’. 1987ల లండన్‌ ఆర్‌ఏకే స్టూడియోల రికార్డు చేసిన్రు. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్. పల్లెల వాయించే టిన్ విజిల్, అకార్డియన్, బాంజో ఒక దిక్కు, పంక్ డప్పుల దరువు ఇంకో దిక్కు. ఇది సంగీతమేనా, ఐరిష్ సంప్రదాయాన్ని ఖరాబు చేస్తున్నరని ఐర్లండ్ పండితులే ముక్కు విరిచిన్రు. డప్పు సప్పుడు వింటే చెవులు మూసుకునే శాస్త్రీయులు అన్ని దేశాలల్ల ఉంటరు! క్రిస్మస్ పాటను మెక్‌గోవన్, బాంజో వాయించే జెమ్ ఫైనర్ కలిసి రెండేండ్లు చెక్కిన్రు. జోడీగ పాడాల్సిన కేట్ ఓరియర్డన్ జట్టు ఇడిచి వెళ్లిపోయింది. ఆఖరుకు లిల్లీవైట్ భార్య కిర్‌స్టీ మెక్‌కాల్ గొంతు కలిపింది. ఇట్ల తిప్పలు పడి 1988 జనవరి 18న ఆల్బం బయటికొచ్చింది, బ్రిటన్‌ల మూడో స్థానం దాంక పోయింది. వలసపోయిన లక్షల మంది మీద ఫిలిప్ షెవ్రాన్ రాసిన పాట సుత అండ్లనే ఉన్నది. దుబాయి, బొంబాయి బస్సులెక్కిన మన పాలమూరు, కరీంనగర్ పల్లెల సంగతి యాదికొస్తది.

ఇగ రెండో పాట. రెండు ముక్కల పాట అది, ‘స్ట్రీట్స్ ఆఫ్ సారో’, ‘బర్మింగ్‌హామ్ సిక్స్’. మొదటి ముక్క టెర్రీ వుడ్స్‌ది, హింసతోని విసిగి ఊరిడిచే మనిషి పాట. రెండోది మెక్‌గోవన్‌ది. 1974 నవంబర్ 21న బర్మింగ్‌హామ్ పబ్బులల్ల బాంబులు పేలి 21 మంది సచ్చిపోయిన్రు. ఘోరం జరిగింది, అండ్ల అనుమానం లేదు. అయితే పోలీసులు ఏం చేసిన్రు? ఆర్గురు ఐరిషోళ్లను పట్టుకొని కొట్టి ఒప్పించిన్రు. 1975ల యావజ్జీవం పడ్డది. తమను కొట్టిన్రని ఆ ఆర్గురు కేసేస్తే 1980ల డెన్నింగ్ అనే పెద్ద జడ్జి ఏమన్నడో తెలుసా? పోలీసులు అబద్ధం చెప్పిన్రని తేలితే వ్యవస్థ పరువే పోతది, కనుక కేసు ముందుకు నడవొద్దు అన్నడు. నిజం ఏదని కాదు, పరువు ఎవలిదని ఆయన బాధ. మెక్‌గోవన్ పాట ఈ న్యాయం మీదనే ఉమ్మేసింది.

ఆల్బం వచ్చిన పది దినాలకే, జనవరి 28న, ఆర్గురి అప్పీలును కోర్టు కొట్టేసింది. అదే ఏడు అక్టోబర్ 19న హోంమంత్రి డగ్లస్ హర్డ్ కొత్త నిషేధం తెచ్చిండు. సిన్ ఫేన్‌తో సహా 11 సంస్థల మనుషుల గొంతు టీవీల, రేడియోల వినపడొద్దు. గెర్రీ ఆడమ్స్ బొమ్మ కనపడుతది, మాట మాత్రం నటుడు చెప్తడు. గింత నవ్వులాట! దాన్ని పట్టుకొని ప్రైవేటు చానెళ్ల మీద అజమాయిషీ చేసే ఐబీఏ నవంబర్‌ల ఈ పాటకు తాళమేసింది. శిక్షపడ్డోళ్లు నిర్దోషులని పాట అంటున్నదట. బ్రిటిష్ కోర్టులల్ల ఐరిషోళ్లకు న్యాయం దొరకదని అంటున్నదట. అవును, బరాబర్ అంటున్నది! అందుకే కదా రాసింది!

సరిగ్గ ఏడాదికి, 1989 అక్టోబర్ 19న, ఆ పాటల ఉన్న ఇంకో నల్గురు, గిల్డ్‌ఫర్డ్ కేసోళ్లు, నిర్దోషులని తేలి బయటపడ్డరు. 1991 మార్చి 14న ఆర్గురూ బయటికొచ్చిన్రు. పదహారేండ్ల జైలు. కోర్టుకంటె ముందు తాగుబోతని పేరువడ్డ పాటగాడు నిజం చెప్పిండు, నిషేధం వాని మీద పడ్డది. గొంతుల మీద నిషేధం 1994 సెప్టెంబర్ దాంక నడిచింది.

మెక్‌గోవన్ 2023 నవంబర్ 30న పోయిండు. అంత్యక్రియలకు ఐర్లండ్ అధ్యక్షుడే వచ్చిండు. చర్చిల క్రిస్మస్ పాట పాడితే జనం లేచి ఆడిన్రు. అదే ఏడు ఆగస్టు 6న మన గద్దర్ పోయిండు. 1997 ఏప్రిల్ 6న పేల్చిన తూటా ఒకటి చివరి దాంక ఆయన ఒంట్లనే ఉన్నది. సచ్చినంక అధికార లాంఛనాలు చేసిన్రు. మేం వద్దనలేదు. గాని ఒకటి అడుగుతున్నం: 2014 జూన్ 2 తర్వాత పాటగాళ్లకు శాలువలు మస్తు కప్పిన్రు, కొలువులేవి, నీళ్లేవి అని నిలదీసే పాటకు ఆ స్టేజీల మీద మైకు ఎన్నిసార్లు ఇచ్చిన్రు?

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా, ఈ డిసెంబర్‌ల ఆ క్రిస్మస్ పాట చెవిల పడితే ఆపకండి, మంచి పాట. అది అయిపోయినంక అదే ఆల్బంల ఉన్న ఆర్గురి పాట పెట్టి వినున్రి. ఐదు నిమిషాలు సుత పట్టదు.