డిటెయిన్ అయినా ఫీజు ఇవ్వాలి

ఫీజు రీయింబర్స్‌మెంట్ మాట వచ్చినప్పుడల్లా వినిపించే వాదన ఒకటుంది. సర్కారు సొమ్ముతో చదివేవాళ్లు క్లాసుకైనా రావాలి కదా, పాసైనా కావాలి కదా, ఏడాది పోగొట్టుకున్నవాళ్లకు జనం డబ్బు ఎందుకు పోయాలి అని. మధ్యతరగతి ఇళ్లలోనే కాదు, ఈ సాయంతోనే చదువుకుని పైకొచ్చినవాళ్ల నోట కూడా ఈ మాట వింటుంటాం. వినడానికి న్యాయంగా ఉంటుంది, లెక్కవేస్తే నిలబడదు. తెలంగాణలో ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకు 10,000 దాటిన బీసీ విద్యార్థికి ఇంజనీరింగ్‌లో ఏడాదికి దక్కేది 35,000 రూపాయల దాకానే. రెండేళ్లు చదివేసరికి ప్రభుత్వం అతని మీద 70,000 పెట్టి ఉంటుంది. మూడో ఏడాది హాజరు చాలక డిటెయిన్ అయితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి, ఆ రెండోసారి చదువుకు రీయింబర్స్‌మెంట్ రాదు. ఫీజు కట్టలేక అక్కడితో మానేశాడనుకుందాం. ఒక ఏడాది సొమ్ము మిగిల్చామని సంతోషించే ప్రభుత్వం అంతకు రెట్టింపు పోగొట్టుకుంది. ఆ కుర్రాడి చేతికి పట్టా రాలేదు, ఖజానాకు ఆదా కాలేదు.

అసలు వెనకబడేది ఎవరు? తొండుపల్లి, శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లను చూస్తే జవాబు దొరుకుతుంది. ఇక్కడి విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున అమలైంది కూడా 2008-09 విద్యాసంవత్సరం నుంచే. దాదాపు 5,500 ఎకరాల్లో పరుచుకున్న ఆ విమానాశ్రయం రాత్రీ పగలూ నడుస్తుంది. సామాన్లు ఎత్తడం, శుభ్రం చేయడం, కార్గో, క్యాబ్‌లు, హోటళ్లు, అన్నీ షిఫ్టు పనులే. గ్రామీణ ప్రాంతాల్లో బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఈ పథకం పెట్టిన ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర, అంటే నెలకు 12,500. అంతకన్నా తక్కువ వచ్చే ఇంట్లో తండ్రి మంచాన పడితే, కొడుకో కూతురో ఆ షిఫ్టుల్లో ఏదో ఒకటి అందుకోక తప్పదు. రాత్రంతా నిలబడినవాళ్లు పొద్దున తొమ్మిదింటి క్లాసులో లేకపోవడాన్ని బద్ధకమని రాసేయడం అన్యాయం. చిన్న దెబ్బ తగిలినా తట్టుకోలేని కుటుంబమనే ఈ పథకానికి ఎంపిక చేశాం. ఎంపికయ్యాక మాత్రం ఏ దెబ్బా తగలని ఇంటి పిల్లల్లా నాలుగేళ్లూ నడవమంటున్నాం. తన షరతుతో తన ఉద్దేశాన్నే చెరిపేసుకునే పథకం ఇది.

సాయం అందాలంటే హాజరు 75 శాతం ఉండాలన్నది చదువు కోసమే కదా అనవచ్చు. ఆ చదువు చెప్పించే జేఎన్‌టీయూయే సరైన కారణం చూపితే 65 శాతం దాకా మినహాయింపు ఇచ్చి, కండోనేషన్ ఫీజు కట్టించుకుని పరీక్షకు కూర్చోనిస్తుంది. ఉపకారవేతనం నిబంధనలో రాసి ఉన్నది 75 శాతమే. పరీక్ష రాయడానికి చాలిన హాజరు ఫీజు పొందడానికి చాలదనడంలో విద్యాపరమైన తర్కం ఏముంది? దయ చూపడం మనకు కొత్తేమీ కాదు. కేంద్రం ఎస్సీ విద్యార్థుల కోసం నడిపిన పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాల పాత నిబంధనల్లో వృత్తివిద్యా కోర్సులవాళ్లు మొదటిసారి ఫెయిలైతే రెన్యువల్ చేయవచ్చని స్పష్టంగా ఉంది. రెండోసారి తప్పితేనే, పైతరగతికి వెళ్లేదాకా ఖర్చు తామే భరించుకోవాలి. జబ్బు చేసి పరీక్ష రాయలేకపోతే వైద్యుడి ధ్రువపత్రంతో సాయం కొనసాగేది. అమెరికా ఫెడరల్ సాయానికి కూడా ప్రగతి షరతు ఉంది. అయినా అక్కడ సెమిస్టర్‌వారీగా ప్రగతి చూసే కాలేజీలు వెనకబడిన విద్యార్థికి ముందు హెచ్చరిక ఇచ్చి, ఒక సెమిస్టర్ పాటు సాయం కొనసాగించవచ్చు. ఇంట్లో చావో, జబ్బో వచ్చిందని అప్పీలు చేసుకుంటే వినవచ్చు.

ఇంకో అభ్యంతరం బలమైనదే. షరతులు సడలిస్తే కాలేజీలు రాని పిల్లల్ని వచ్చినట్టు చూపించి డబ్బు దండుకుంటాయని. ఆ భయం నిజమైనదే, బయోమెట్రిక్ హాజరు తెచ్చిందీ అందుకే. కానీ యాజమాన్యం చేసే మోసానికి మందు యాజమాన్యాన్ని తనిఖీ చేయడం, దొంగ లెక్కలకు జరిమానా వేయడం. ఆ భారాన్ని విద్యార్థి హాజరుపట్టీ మీదికి నెట్టడం ఎందుకు? ఇక క్రమశిక్షణ అంటారా, అది రెండు వైపులా ఉండాలి. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబర్‌లో తెలంగాణ ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు మూతపడ్డాయి. ప్రభుత్వం సమయానికి చెల్లించకపోతే ఎవరి సాయమూ రద్దు కాదు, కాలేజీ గుమస్తా ముందు నిలబడి సర్టిఫికెట్ల కోసం బతిమాలేది మాత్రం విద్యార్థే. గడువు దాటడం ఒకరికి క్షమించదగినదైతే రెండోవారికీ క్షమించదగినదే.

సాయాన్ని ఏళ్లతో లెక్కపెట్టడం మానేసి క్రెడిట్లతో లెక్కపెడితే ఈ పేచీలో చాలా భాగం తీరిపోతుంది. జేఎన్‌టీయూ బీటెక్‌కు 160 క్రెడిట్లు, పూర్తిచేయడానికి గడువు ఎనిమిదేళ్లు. ఆ 160 క్రెడిట్ల ఫీజు ప్రభుత్వం ఎలాగూ ఇస్తానన్నదే. విద్యార్థి వాటిని నాలుగేళ్లలో తీసుకున్నా, ఐదేళ్లలో తీసుకున్నా ఇవ్వాలి. దాంతోపాటు కోర్సు మొత్తంలో ఒక్క సెమిస్టర్‌ను రెండోసారి చదవడానికి సాయం దొరకాలి. అలా అయితే కావాలనే ఏళ్లు సాగదీస్తారేమోనన్న అనుమానానికి కోర్సు గడువే అడ్డు. ఇక ఉపకారవేతనాల పోర్టల్ ఈపాస్‌లో రెన్యువల్ ఆగేముందు విద్యార్థికి తెలుగులో కారణం తెలియాలి, జవాబు చెప్పుకోవడానికి నెల రోజుల గడువుండాలి, ఆ జవాబు విని నిర్ణయించే అధికారి జిల్లాలోనే ఉండాలి. కొత్త పథకం అక్కర్లేదు, ఉన్న పథకానికి ఒక సవరణ ఉత్తర్వు చాలు.