సీటు ‘ఖాయం’ చేసే ఫోన్లు

ఇంజినీరింగ్ ప్రవేశాల ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, తెలంగాణలో ఇంటర్ పాసైన పిల్లలున్న ఇళ్లలో ఫోన్లు మోగడం మొదలవుతుంది. నంబరు ఎవరిచ్చారో తెలియదు. ‘మా కాలేజీలో మీ బాబుకి సీఎస్‌ఈ ఖాయం సార్’ అంటుంది అవతలి గొంతు. కన్వీనర్ కోటాలోనా, మేనేజ్‌మెంట్ కోటాలోనా అని అడిగితే మాత్రం నీళ్లు నములుతుంది.

ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి. వాటిని ఖాయం చేయడం ఏ పీఆర్వో తరమూ కాదు. ర్యాంకు, రిజర్వేషన్, స్థానికత, ఆప్షన్ల వరుస కలిసి తేల్చే లెక్క అది. ఆ వరుస దగ్గరే తల్లిదండ్రులు తడబడుతున్నారు. ‘మన ర్యాంకుకి ఉస్మానియా రాదుగా, మొదట పెడితే ఆప్షన్ వృథా’ అనుకుంటారు. వృథా ఏమీ కాదు. కంప్యూటర్ ర్యాంకుల వారీగా వస్తూ, ఒక్కో విద్యార్థి రాసుకున్న వరుసలో ఖాళీ ఉన్న తొలి సీటును ఇచ్చేస్తుంది. పైది దొరక్కపోతే కిందిదానికి దిగుతుంది, అంతే. అసలు ప్రమాదం మరోచోట ఉంది. రెండో విడత కౌన్సెలింగ్‌లో అంతగా ఇష్టం లేని కాలేజీని ‘ఉండనీ’ అని చేర్చి, అది కాస్తా వచ్చిందంటే మొదటి విడత సీటు దానంతటదే రద్దవుతుంది.

ఇక బ్రాంచి. ఒక్కో బ్రాంచిలో సీట్లపై ఉన్న గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అంటూ సీఎస్‌ఈ కుటుంబం ఊరేగుతోంది. సీట్లు పెంచినంత తేలిక కాదు పాఠం చెప్పేవాళ్లను తేవడం. 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది నిబంధన. హోర్డింగు మీద ‘ఎన్‌బీఏ గుర్తింపు’ అని కనిపించినా, ఆ గుర్తింపు ఇచ్చేది బ్రాంచికే గానీ కాలేజీ మొత్తానికి కాదు. పైగా కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటికొస్తే తప్ప ఏ బ్రాంచికీ అది రాదు. నిన్నగాక మొన్న మొదలైన కోర్సుకు ఎక్కణ్నుంచి వస్తుంది?

డబ్బు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పదివేల లోపు ర్యాంకు లేని బీసీ విద్యార్థుల్లో ఎక్కువమందికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగతా 65 వేలు ఇంటిమీదే పడతాయి. నాలుగేళ్లకు రెండు లక్షల అరవై వేలు. హాస్టలు, బస్సు ఖర్చులు వేరే.

అందుకే నగర శివార్లలోని అనామక కాలేజీలో సీఎస్‌ఈ కన్నా జగిత్యాలలోనో మంథనిలోనో జేఎన్‌టీయూ సొంత కాలేజీలో ఈసీఈ చాలామందికి మేలైన బేరం. అక్కడా అన్నీ సవ్యంగా లేవు. శాశ్వత అధ్యాపకుల పోస్టులు భర్తీకాక యూనివర్సిటీలు ఏళ్లుగా కాంట్రాక్టు లెక్చరర్ల మీద నడుస్తున్నాయి, ఆ పాపం ప్రభుత్వాలది. అయినా 1929లో మొదలైన ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ సీట్ల కోసం, జేఎన్‌టీయూ కూకట్‌పల్లి క్యాంపస్ సీట్ల కోసం మంచి ర్యాంకర్లు నేటికీ పోటీ పడుతున్నారంటే ఊరికే కాదు. ప్రైవేటులో సీబీఐటీ, వాసవి ఉస్మానియా కిందా, వీఎన్‌ఆర్ జేఎన్‌టీయూ కిందా ఉన్నాయి. స్వయంప్రతిపత్తితో సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకున్నా, చివరికి పట్టా ఇచ్చేది యూనివర్సిటీయే.

కోరుకున్న బ్రాంచి రాలేదని మంచి కాలేజీని వదులుకోవడమూ తొందరపాటే. విడతలన్నీ ముగిశాక అదే కాలేజీలో ఖాళీ అయిన సీట్లకు ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటుంది. ఈసీఈలో చేరినవాడు సీఎస్‌ఈకి మారే వీలు అప్పుడు దొరకవచ్చు. హామీ మాత్రం లేదు, దొరికేది ఎవరైనా వదిలేసిన సీటే.