‘ఎయింట్’ అంటే నవ్వాలా?



స్టడీ అవర్లో జరిగిన చిన్న సంగతి ఇది. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ఏదో ఇంగ్లీషు పాటలో ‘ఎయింట్’ అనే మాట విని, అర్థం ఏమిటని అడిగాడు. ట్యూషన్ చెప్పే సారు “అది చదువు లేనివాళ్ళ మాట, నోట రానివ్వకు” అన్నారు. అందరం నవ్వాం. ఆ వారమంతా వాడు ఇంగ్లీషులో నోరు విప్పలేదు. నవ్వినవాళ్ళలో మేమూ ఉన్నాం కాబట్టే ఇది రాస్తున్నాం.

‘ఎయింట్’ అంటే కాదు, లేదు అని. ఆమ్ నాట్, ఈజ్ నాట్, ఆర్ నాట్, హాజ్ నాట్, హావ్ నాట్, ఈ ఐదింటికీ అదొక్కటే సరిపోతుంది. ‘హీ ఎయింట్ హియర్’ అంటే అతను ఇక్కడ లేడని. ‘ఐ ఎయింట్ సీన్ హిమ్’ అంటే అతన్ని నేను చూడలేదని. నిన్నమొన్న పుట్టిన మాట కాదు. 18వ శతాబ్దం నాటికే ఇంగ్లండులో ఉంది. డికెన్స్ నవలల్లో పాత్రలు ధారాళంగా వాడతాయి. తర్వాత వ్యాకరణం పెద్దలు తప్పన్నారు. 1961లో వెబ్‌స్టర్ మూడో పెద్ద నిఘంటువు, అమెరికాలో చదువుకున్నవాళ్ళు కూడా మాటల్లో దీన్ని వాడతారని రాస్తే పత్రికలు దుమ్మెత్తిపోశాయి.

ఇంకో వింత చూడండి. ‘ఐ ఆర్’ అని రాస్తే ఏ సారైనా ఎర్రసిరాతో కొట్టేస్తారు. ‘ఆరంట్ ఐ?’ అని అడిగితే మాత్రం ఒప్పు! అది పెద్దింటివాళ్ళ మాటగా నిలిచింది. ‘ఎయింట్’ కూలినాలి చేసుకునేవాళ్ళ నోట, అమెరికా నల్లజాతివాళ్ళ నోట నిలిచింది. మరి తప్పు వ్యాకరణంలో ఉందా, పలికే మనిషిలో ఉందా?

ఇంతదాకా ఎందుకు, మన తెలుగే చూడండి. ‘వచ్చినాడు’ కుదిస్తే ఒకచోట ‘వచ్చాడు’, ఇంకోచోట ‘వచ్చిండు’. మొదటిది పాఠ్యపుస్తకం ఎక్కింది. రెండోది సినిమాల్లో చాలాకాలం రౌడీకో, జోకరుకో దక్కింది. అది చూసి మనకు కోపం వచ్చింది కదా! అదే పని మనం తమ్ముడికి చేశాం.

పరీక్షలో, ఇంటర్వ్యూలో ‘ఎయింట్’ వద్దు, ‘ఈజంట్’ అనే రాయండి. మార్కులు దిద్దేవాళ్ళ చేతిలో ఉంటాయి. గదిలో మాత్రం ఎవడేం మాట్లాడినా నవ్వకండి.

ఆ తమ్ముడికి ఆలస్యంగానైనా అర్థం చెప్పాం. ఇప్పుడు మెస్సు గంట కొట్టకముందే ప్లేటు పట్టుకుని “ఐ ఎయింట్ ఈటెన్, అన్నా” అంటూ మా ముందు నిలబడుతున్నాడు.